ఎవరి కడుపు వాళ్ళదా?

మంచాలను లారీకి ఎక్కిస్తున్న రోజునే నోర్జిన్ వచ్చింది.

నేను కాన్పుల ఇంటి గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను. పద్దెనిమిదేళ్ళు ఆ ఇంట్లో పొయ్యి రాజేసి, చారు కాచి, నిండు గర్భిణులకు వేడినీళ్ళు తోడిన మనిషిని. పన్నెండు ఇనప మంచాలు. ఒక్కొక్కదాన్నీ ఇద్దరు మగవాళ్ళు పట్టుకొచ్చి లారీలోకి విసురుతున్నారు. ఆ మోతలో ఒంటెలు వచ్చిన అలికిడి వినబడలేదు. తిరిగి చూసేసరికి నోర్జిన్ ఒంటె మీదే ఉంది, తనంతట తాను దిగలేక. నెలలు నిండాయి. వెనక ఒంటె మీద ఆమె అత్తగారు. ఉప్పుమడుగుల దగ్గర మందను వదిలి, రెండు రోజులు ఎదురుగాలిలో ప్రయాణం చేసి వచ్చారు.

"సెవ్‌జిద్ అత్తా, కిటికీ పక్క మంచం నాకే ఉంచావా?" అని నవ్వింది నోర్జిన్.

ఇంతకుముందు ఇద్దరు బిడ్డలప్పుడూ ఆమె ఆ మంచం మీదే పడుకుంది. అది అప్పటికే లారీలో, కాళ్ళు పైకి పెట్టుకుని ఉంది.

మందల వెంట తిరిగే మా ఆడవాళ్ళు కాన్పుకు పదిహేను రోజుల ముందే సుమ్ కేంద్రానికి, అంటే మా తాలూకా ఊరికి, వచ్చేవాళ్ళు. ఆసుపత్రికి ఎదురుగా, పిలిస్తే పలికేంత దూరంలో కాన్పుల ఇల్లు. అక్కడ వేడి చారు తాగడం, ఒకరి జడ ఒకరు అల్లుకోవడం, నొప్పులు మొదలైతే లేచి అవతలికి నడిచిపోవడం. ఆ పదిహేను రోజులూ ఆమె మందను పశువుల సమష్టి సంఘం వేరేవాళ్ళకు అప్పగించేది. ఏళ్ళ తరబడి అలా నడిచింది. ఆ సంఘంలో తప్పుల్లేవని నేను అనను. పైవాళ్ళను మెప్పించడానికి మా గొర్రెలు చాలాసార్లు కాగితాల మీదే ఈనాయి. కానీ ఆ పన్నెండు మంచాలు మాత్రం నిజం. ఆ మంచాల మీద పడుకున్న ఆడవాళ్ళు బతికి ఇళ్ళకు పోవడం నిజం.

తొంభై రెండులో సంఘాన్ని ముక్కలు చేసి పంచారు. మాకు ఇంటికిన్ని మేకలు వచ్చాయి. సంఘం ఛైర్మన్ చోయ్‌జిల్‌కు లారీలూ గోదాములూ పిండి దుకాణమూ వచ్చాయి. మరుసటి వసంతానికి కాన్పుల ఇల్లు కూడా అతని కంపెనీ పేరు మీదికి వెళ్ళింది. దువ్వి తీసిన మేక నూగు దాచుకోవడానికి అతనికి పొడి గది కావాలట.

చోయ్‌జిల్ లారీ ముందు కొత్త తోలుకోటులో నిలబడి ఉన్నాడు.

"ఛైర్మన్ గారూ, ఈ పిల్ల ఎక్కడ పడుకోవాలి?" అని అడిగాను.

"ఛైర్మన్ అనకు సెవ్‌జిద్. ఇప్పుడు డైరెక్టర్ని." అతను విసుగ్గా చూశాడు. "ఎన్నాళ్ళని ప్రభుత్వం వండి పెడితే తింటారు? ఇది బజారు కాలం. ఎవరి గొర్రెలు వాళ్ళవి. ఎవరి కడుపు వాళ్ళదే."

మంచాలు మోస్తున్నవాళ్ళలో ఒకడు పకపకా నవ్వాడు. ఏం అర్థం కాక, మర్యాదకు నోర్జిన్ కూడా నవ్వింది. ఆ నవ్వు నేను చచ్చేదాకా మరిచిపోను.

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు కుర్రవాడు, ఆరు నెలలుగా జీతం లేదు, కోటు విప్పకుండానే రోగుల్ని చూస్తున్నాడు. బొగ్గు లేక లోపల కూడా ఊపిరి పొగలా కనిపిస్తోంది.

"రెండే మంచాలు. ఒకదాని మీద కాలు విరిగినాయన, ఇంకోదాని మీద న్యుమోనియా పిల్ల. నొప్పులొచ్చాక రండి," అన్నాడు.

నోర్జిన్ అత్తగారు అతని మొహంలోకి చూసింది. "నొప్పులొచ్చాక బయల్దేరితే రెండు రోజుల దారి బాబూ. బిడ్డ రెండు రోజులు ఆగుద్దా?"

డాక్టరు కాగితాల మీద తల వంచుకున్నాడు.

నా గెర్‌లో, మా ఉన్ని గుడారపు ఇంట్లో, ఉండమన్నాను. అన్నానే గానీ గట్టిగా అనలేదు. మా ఇంట్లో అప్పటికే తొమ్మిది మందిమి, పిండి సంచి అడుగంటింది. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. అత్తగారికి నా గొంతులో బలహీనత వినబడింది.

"మేకలు ఈనే కాలమమ్మా," అంది ఆమె. "నా కొడుకొక్కడే ఉన్నాడు, ఇద్దరు పసివాళ్ళు. మంద చూసేవాళ్ళు లేరు. పోతాం. ఏదైతే అదైంది."

నోర్జిన్‌ను మళ్ళీ ఒంటె ఎక్కించాం.

తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం ఆమె భర్త చిమెద్ వచ్చాడు. గుర్రం నోట నురగ. తెల్లవారకముందే నొప్పులు మొదలయ్యాయి, పొద్దెక్కేసరికి ఆడపిల్ల పుట్టింది, మాయ మాత్రం పడలేదు, నెత్తురు ఆగడం లేదు. ఇంతే చెప్పగలిగాడు.

ఆసుపత్రి జీపుకు రెండు గంటల దారి. జీపులో పెట్రోలు లేదు. చిమెద్ చోయ్‌జిల్ గోదాము దగ్గరికి పరిగెత్తాడు, వెనకే నేను. నూగు మూటలు ఎక్కించుకుని లారీ సిద్ధంగా ఉంది.

"అన్నా, ఒక్క క్యాను. కాళ్ళు పట్టుకుంటా," అన్నాడు చిమెద్. నిజంగానే వంగాడు.

"లారీ సరిహద్దుకు పోవాలి. నూగు కొనే చైనావాళ్ళు ఇవాళ చూసి రేపు వెళ్ళిపోతారు. నాకు మాత్రం జాలి లేదా తమ్ముడూ? ఒకళ్ళకిస్తే అందరూ వస్తారు," అన్నాడు చోయ్‌జిల్.

మా కాన్పుల నర్సు యంజ్మా అప్పటికే సంచి భుజాన వేసుకుని వీధిలోకి వచ్చేసింది. యాభై నాలుగేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. మాటతీరు ముళ్ళకంప. ఎవరిదో గుర్రం అడక్కుండానే విప్పి ఎక్కింది. "ఏడుపు తర్వాత. దారి చూపించు," అని చిమెద్‌ను కసిరింది.

వాళ్ళు చేరేసరికి సాయంత్రం. నోర్జిన్ మధ్యాహ్నమే పోయింది. ఇరవై ఆరేళ్ళు.

బిడ్డ బతికి ఉంది. యంజ్మా ఆ బిడ్డను కోటు లోపల, తన ఒంటికి ఆనించి కట్టుకుని మరునాడు ఆసుపత్రికి తెచ్చింది. వెచ్చగా ఉంచాలి, అంతే కావాల్సింది. కాన్పుల ఇంట్లో అయితే నా పొయ్యి పక్కన, గొర్రెపిల్ల తోలులో చుట్టి, నెలలు నిండని వాళ్ళనే నిలబెట్టాం. ఆసుపత్రిలో మంట లేదు. నేనూ యంజ్మా వంతులవారీగా గుండెకు హత్తుకుని కూర్చున్నాం. పక్కమంచం పిల్ల దగ్గు ఈ పిల్లకు అంటుకుంది. దుష్టశక్తుల కన్ను పడకూడదని మేం పసివాళ్ళను పేరులేనిది అని పిలుస్తాం. అలాగే పిలిచాం. మూడో రోజు పొద్దున, యంజ్మా చేతుల్లో, పేరు లేకుండానే పోయింది.

యంజ్మా చాలాసేపు ఆ బిడ్డను కింద పెట్టలేదు. "ముప్పై ఏళ్ళలో ఎంతమందిని కోల్పోయానో నాకు తెలుసు సెవ్‌జిద్," అంది చివరికి. "కానీ వీళ్ళిద్దరినీ నేను పోగొట్టుకోలేదు. వీళ్ళను తీసేశారు."

మేక నూగు దువ్వే రోజులు వచ్చాయి. ఆ పనికి నాలుగిళ్ళ ఆడవాళ్ళు ఒక చోట చేరడం మా అలవాటు. ఖాంద్ పెద్దమ్మ మకాం దగ్గర పద్నాలుగు మందిమి చేరాం. ఖాంద్‌కు అరవై మూడు. ఎనిమిది మందిని కని పెంచింది, ప్రభుత్వం ఇచ్చిన తల్లుల పతకం ఉంది, పళ్ళు మాత్రం మూడే ఉన్నాయి. నోర్జిన్ అత్తగారు కూడా వచ్చింది. వచ్చి ఎవరితో మాట్లాడకుండా మేకను పడేసి, కాళ్ళు కట్టి దువ్వుతూ కూర్చుంది.

మొదట పురేవ్ అంది: "మన నానమ్మలు గెర్‌లో కనలేదా ఏంది? అప్పుడు కాన్పుల ఇల్లుందా, డాక్టరున్నాడా?" ఆమెకు అప్పుడు ఐదో నెల. పైకి ధైర్యంగా అంది గానీ చేతిలో దువ్వెన ఆగిపోయింది.

ఖాంద్ తల ఎత్తలేదు. "కన్నారు. మా అమ్మ పదకొండు మందిని కంది. ముగ్గురం మిగిలాం. పన్నెండో దానితో తనూ పోయింది. చెప్పేదేదో మొత్తం చెప్పవే."

"మరైతే ఏం చేద్దామంటావ్? చోయ్‌జిల్ మీద ఎగబడదామా? నూగు కొనేది ఆయన. పిండి ఇచ్చేది ఆయన. చాయ్ పొడి కూడా ఆయనే. రేపు దుకాణం మూస్తే పిల్లలకి గడ్డి పెడతావా?"

"ఇప్పుడు పెట్టేది కూడా పురుగుల పిండేగా!" ఎవరో అన్నారు. కొందరు నవ్వారు.

"నవ్వండి," అంది పురేవ్. "మా ఆయన చోయ్‌జిల్ లారీ మీద పన్జేస్తన్నాడు. నవ్వేవాళ్ళకేం."

"జిల్లాకి అర్జీ పెడదాం," అన్నాను నేను.

"పెట్టాంగా! మూడు పెట్టాం." ఖాంద్ దువ్వెన విసిరేసింది. "ఆస్పత్రోళ్ళు సుమ్ పెద్దనడగమంటారు. ఆయన జిల్లానడగమంటాడు. జిల్లా వాళ్ళు బజారునడగమంటారు. ఈ బజారు ఏడుంటదే? దాని గుమ్మం ఎటు? పోయి దాని జుట్టు పట్టుకుందామంటే అది కనపడదాయె!"

అప్పుడు మాట్లాడింది నోర్జిన్ అత్తగారు. మేకను వదల్లేదు, గొంతు పెంచలేదు.

"ఎవరి కడుపు వాళ్ళదే అన్నాడు. నా చెవులతో విన్నా. నా కొడుకు పదిహేనేళ్ళు ఆడి గొర్రెలు కాశాడు. ఆడి లారీ తోలేవాడు ఎవరి కడుపున పుట్టాడు? ఆడి నూగు మూటలు మోసేవాడు ఎవరి కడుపున పుట్టాడు? మన కడుపులు మనవైతే మనం కన్నవాళ్ళు ఆడివాళ్ళెట్టా అయ్యారు?"

మేకలు అరుస్తున్నాయి.

"ఇల్లు లాక్కున్నాడు," అంది ఖాంద్, విసిరేసిన దువ్వెన తీసుకుంటూ. "ఏం, మనకి ఇల్లు కట్టటం రాదా? ఏడాదికి నాలుగుసార్లు విప్పి కడతన్నాం కదే! నా గెర్ ఇస్తా. పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని పోయారు, నాకు చిన్నది చాలు. పోయి ఆస్పత్రి వాకిట్లో కడదాం. ఎవడు పీకుతాడో చూద్దాం."

మే నెలలో, పట్టపగలు, నలభై మంది ఆడవాళ్ళు ఒంటెల మీద సుమ్ కేంద్రంలోకి వచ్చారు. ఒంటెల మీద కర్రల గోడలు, ఉన్ని దుప్పట్లు, పిడకల సంచులు. పతకాలున్నవాళ్ళు పతకాలు పెట్టుకున్నారు, పండగ రోజుల్లో పెట్టుకున్నట్టే. ఆసుపత్రి వాకిట్లో గంటలోపు గెర్ లేచింది. నేను పొయ్యి నిలబెట్టి మంట రాజేశాను.

సుమ్ పోలీసు పరిగెత్తుకొచ్చాడు. "పెద్దమ్మా, పర్మిషన్ ఏది? ఈ పతకాలన్నీ పెట్టుకుని ఏం నాటకమిది?"

"కనండి కనండి అని గుండెలకు గుచ్చినప్పుడు నాటకం కాదంట్రా?" అంది ఖాంద్. "ఈ మూల పట్టుకో, తాడు బిగించాలి. నిలబడి చూస్తావేం?"

వాడు అలవాటు కొద్దీ పట్టుకున్నాడు. తర్వాత గుర్తొచ్చి వదిలేశాడు. మేం పడీ పడీ నవ్వాం. ఆ ఏడాది మొత్తంలో మేం అలా నవ్వింది ఆ ఒక్కసారే.

గెర్‌లో కాన్పులు చేయకూడదని యంజ్మాకు డాక్టరు కాగితం ఇచ్చాడు. ఆయన రాసింది కాదు, ఆయనతో రాయించింది. ఆమె ఆ కాగితం పట్టుకుని మధ్యాహ్నం భోజనం వేళ మా గెర్‌కు వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"నాకు రెండేళ్ళలో పింఛను," అంది. "అది తప్ప నాకు ఏదీ లేదు. మొగుడు లేడు, మొక్కా లేదు. మీకు తమాషాగా ఉందేమో."

"తిట్టడానికొచ్చావా అక్కా?" అన్నాను.

"చేతులు ఎక్కడ కడుక్కుంటారో చూద్దామని వచ్చా. ఆ బిందె మూత ఏది? మురికి ముండల్లారా, ఈ గుడ్డ ఉడకబెట్టారా?"

అలా లోపలికి వచ్చింది. మళ్ళీ బయటికి పోలేదు.

మే నుంచి ఆగస్టు దాకా ఆ గెర్‌లో పదకొండు కాన్పులు జరిగాయి. ఇంటికో గొర్రె, ఇంటికో సంచి పిడకలు వచ్చేవి. కాన్పుకు వచ్చినవాళ్ళ మందలను మిగతావాళ్ళు కాసేవాళ్ళు, వంతులు వేసుకుని. సంఘం పోయాక మళ్ళీ మేమే ఒక సంఘం అయ్యాం, ఈసారి పైన ఛైర్మన్ లేడు. పదకొండు మంది తల్లులూ బతికారు. ఒక్కొక్కళ్ళు బిడ్డను కోటులో దోపుకుని ఒంటె ఎక్కుతుంటే యంజ్మా వాకిట్లో నిలబడి, నలభై రోజులు బరువెత్తొద్దని తిట్టి పంపేది.

కానీ చోయ్‌జిల్ ఊరుకుంటాడా? గెర్‌కు గొర్రె ఇచ్చిన ఇంటి నూగు నాసిరకమని వెనక్కి పంపాడు. పిడకలిచ్చిన ఇంటికి పిండి అయిపోయిందన్నాడు. జూలై వచ్చేసరికి గెర్‌కు వచ్చే గొర్రెలు తగ్గాయి. మగవాళ్ళు ఇళ్ళలో గొడవలు పెట్టారు. నలభై మందిలో ఇరవై మందిమి మిగిలాం. దీనికి నేను ఎవర్నీ తిట్టను. ఆకలితో ఉన్న పిల్లలను పక్కన పెట్టుకుని రెండు నెలలు నిలబడటమే గొప్ప.

పురేవ్‌ను ఆమె భర్త గెర్‌కు రానివ్వలేదు. లారీ పని పోతుందని. మూడు రోజులు ఇంట్లోనే నొప్పులు పడింది. నాలుగో రోజు ఆమె చెల్లెలు ఎద్దుబండి మీద వేసుకొచ్చింది. యంజ్మా ఒక్క చూపులోనే గ్రహించింది. రెండు గంటలు పోరాడింది. తల్లిని దక్కించింది. బిడ్డ మెడకు పేగు చుట్టుకుని, నీలంగా, చప్పుడు లేకుండా వచ్చాడు.

మూడో రోజు ఫిర్యాదు వెళ్ళింది. అనుమతి లేని చోట, అధికారం లేని మనిషి చేతిలో శిశువు మరణం. కింద పురేవ్ భర్త సంతకం.

పురేవ్ ఇంకా మా గెర్‌లోనే పడుకుని ఉంది. భర్త గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, టోపీ చేతిలో నలుపుకుంటూ.

"నాకేం తెలుసే. కాగితం పెట్టి సంతకం చెయ్యమన్నాడు. శీతాకాలానికి పిండి ఇస్తానన్నాడు," అన్నాడు.

"ఎన్ని సంచులు?" అంది పురేవ్.

అతను టోపీని ఇంకో పక్కకు తిప్పాడు.

"ఎన్ని సంచులు చెప్పు! నా కొడుకు ఎన్ని సంచుల ఎత్తు తూగాడో నాకు తెలియాలా వద్దా?"

అతను అక్కడే గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. మాలో ఎవరికీ అతని మీద చెయ్యెత్తడానికి మనసు రాలేదు. అతని బూట్లకు అడుగులు లేవు, తాళ్ళతో కట్టుకున్నాడు.

జిల్లా కేంద్రం నుంచి పోలీసు జీపు వచ్చింది. ముగ్గురు పోలీసులు. యంజ్మాను అరెస్టు చేయడానికి. పొద్దున్న పదింటికి. అప్పటికి మందలు పచ్చికకు పోయాయి, గెర్ దగ్గర తొమ్మిది మందిమే ఉన్నాం. కానీ ఆ కబురు ఎట్లా పోయిందో గానీ, యంజ్మా సంచి సర్దుకునేలోపే గుర్రాల మీద, ఒంటెల మీద, కాలినడకన ఆడవాళ్ళు వచ్చారు. గెర్‌కు రావడం మానేసినవాళ్ళు కూడా. చిమెద్ వచ్చాడు. బడి వంటమనిషి గరిటెతో సహా వచ్చింది.

జీపు చుట్టూ నిలబడ్డారు.

"తప్పుకోండి. ప్రభుత్వ వాహనం," అన్నాడు పోలీసు అధికారి.

"ఇందులో పెట్రోలుందా?" అని అడిగాడు చిమెద్. నోర్జిన్ పోయాక నలుగురిలో అతను నోరు తెరవడం అదే మొదలు.

అధికారి అర్థం కాక చూశాడు. "ఉంది. లేకపోతే ఎట్లా వచ్చాం?"

"ఏప్రిల్లో లేదన్నారు. మా ఆడమనిషికి లేదన్నారు. ఇప్పుడెక్కడిది?"

ఆ మాట వెనక్కి పాకింది. వెనకున్నవాళ్ళు ముందుకు తోశారు. ఎక్కడిది, ఎక్కడిది అని అరుపులు. ఒక పోలీసు గాల్లోకి తుపాకీ పేల్చాడు. ఒంటెలు బెదిరాయి, గుంపు బెదరలేదు. పురేవ్ గెర్‌లోంచి లేచి, గోడ పట్టుకుని నడుస్తూ వచ్చి అధికారి ముందు నిలబడింది.

"చచ్చిపోయింది నా బిడ్డ. నేను ఫిర్యాదు చెయ్యలేదు. రాసుకో. మూడు రోజులు నన్ను ఇంట్లో ఉంచింది పిండి. నా బిడ్డను చంపింది పిండి. ఈమె నన్ను బతికించింది. ఇది కూడా రాసుకో."

"సంతకం ఉందమ్మా," అన్నాడు అధికారి. అతని గొంతు తగ్గింది. "నా పని నేను చేస్తున్నా."

అతను మాట్లాడుతూ ఉండగానే ఖాంద్ పెద్దమ్మ జీపు వెనక కూర్చుని, రబ్బరు గొట్టం నోట పెట్టి పీలుస్తోంది. మూడు పళ్ళ నోరు, ఎంత గట్టిగా పీల్చిందో! పెట్రోలు ఉమ్మేసి గొట్టాన్ని పాలక్యానులో దించింది. ఒక క్యాను నిండితే ఇంకొకరు అందుకున్నారు. నాలుగు క్యానులు నాలుగు దిక్కులకు వెళ్ళిపోయాయి. పోలీసులకు వాసన తగిలేసరికి ట్యాంకు గుల్ల.

ఆ రోజు జీపు కదల్లేదు. మరునాడు లారీ వచ్చింది, ఈసారి పదిహేను మంది. యంజ్మాను, ఖాంద్‌ను ఎక్కించారు. గెర్ విప్పి, గోడలూ దుప్పట్లూ పొయ్యితో సహా చోయ్‌జిల్ గోదాములో పడేశారు, సాక్ష్యమని. లారీ ఎక్కుతూ యంజ్మా నన్ను పిలిచింది. నలుగురికీ ధైర్యం చెప్పే మాట ఏదో అంటుందనుకున్నాను.

"మాయ పడకపోతే తాడులా లాగకు," అంది. "పొట్ట మీద అరచెయ్యి పెట్టి రుద్దు. బిడ్డను రొమ్ముకు పెట్టు. అప్పటికీ పడకపోతే..." లారీ కదిలింది. మిగతాది నాకు వినబడలేదు.

ఆ పెట్రోలుతో రెండుసార్లు ఆసుపత్రి జీపు నడిపించాం. డాక్టరు కుర్రవాడు ఎవరినీ అడక్కుండా తనే స్టీరింగ్ పట్టుకున్నాడు. ఒక తల్లి బతికింది. ఒక తల్లి దారిలో పోయింది. తర్వాత పెట్రోలు అయిపోయింది.

ఖాంద్‌ను నలభై రోజులకు వదిలారు. లాకప్ చలి ఊపిరితిత్తుల్లో చేరింది. శీతాకాలం మధ్యలో చనిపోయింది. యంజ్మాకు ఏడాదిన్నర జైలు, జీవితాంతం నర్సు పని చేయకూడదని తీర్పు. పింఛను పోయింది. చోయ్‌జిల్ జిల్లా సభకు ఎన్నికయ్యాడు. ఆ శీతాకాలంలో మా సుమ్‌లో ఇళ్ళ దగ్గరే కని ముగ్గురు తల్లులు పోయారు. వాళ్ళ బిడ్డల సంగతి ఎవరూ రాసుకోలేదు.

ఇప్పుడు రాగి గని కార్మికులు వస్తారు, కాలేజీ పిల్లలు వస్తారు. నోట్‌బుక్కు తెరిచి, "అత్తా, అందరూ ఒక్కటయ్యారు కదా, మరి ఎక్కడ ఓడిపోయారు?" అని అడుగుతారు. నేనేం చెప్పను? మేం నలభై మందిమి ఒక సుమ్‌లో ఒక్కటయ్యాం. పక్క సుమ్‌లో వాళ్ళకు తెలియను కూడా తెలియదు. పిండి ఆపేస్తే మాకు వేరే పిండి లేదు. మీరు గనిలో ఉన్నారు, మేం గడ్డిలో ఉన్నాం, మధ్యలో వాళ్ళ లారీలు తిరుగుతున్నాయి. ఓడిపోవడానికి ఇంకేం కావాలి? ఇది రాసుకోండి. మా ధైర్యం గురించి తర్వాత రాసుకుందురు గాని.

ఖాంద్ పోయిన ఆ శీతాకాలం చివర, మార్చిలో, ఇంకా మంచు కరగకముందు, పురేవ్ మా ఇంటికి వచ్చింది. ఒంటె మీద ఒకే ఒక కర్రల గోడ ముక్క ఉంది. వెనకే నోర్జిన్ అత్తగారు పైకప్పు చట్రం తెచ్చింది. ఒకరు దుప్పటి, ఒకరు తలుపు, ఇంకొకరు పది కర్రలు. ఎవరి గెర్ వాళ్ళు కొంచెం కొంచెం తగ్గించుకుని తెచ్చారు. ఏ ఒక్కరూ ఇంటిని మొత్తంగా పోగొట్టుకోనక్కర్లేదు, ఇది పురేవ్ ఆలోచన. కొలతలు కుదరలేదు. ఒక పక్క కుంగి, ఒక పక్క లేచి, ఆ గెర్ చూడటానికి ముక్కు విరిగిన మొహంలా ఉంది. పదిహేడు మందిమి ఆసుపత్రి వాకిట్లో, పాత చోటే నిలబెట్టాం. మధ్యాహ్నానికి మొదటి మనిషి వచ్చేసింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, తొలి కాన్పు, పేరు దరీ. నొప్పులతోనే వచ్చింది.

పోలీసు కాగితం పట్టుకుని వచ్చాడు. "ఎవరిదీ గెర్? పేరు చెప్పండి. సాయంత్రంలోగా విప్పకపోతే అందర్నీ తీసుకుపోమని ఆర్డరు."

"సాయంత్రం దాకా టైముందిగా," అంది పురేవ్. "ఆ సంచి మీద కూర్చో. లోపల పిల్ల కంటంది, అరవబాక."

అతను కూర్చున్నాడు. పదహారు మంది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. ఎవరి మొహంలోనూ గెలుస్తామన్న ఆశ లేదు. పొద్దు వాలేదాకా చలికి కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు, అంతే.

లోపల దరీ నా మణికట్టు పట్టుకుంది. "అత్తా, నర్సమ్మ ఏది?"

"లేదు," అన్నాను.

"డాక్టరు?"

"ఆయనకు రావద్దని కాగితం ఇచ్చారు."

"మరి నువ్వు చేశావా ఎప్పుడన్నా?"

"లేదు. పొయ్యి రాజేసేదాన్ని."

ఆ పిల్ల నా కళ్ళలోకి చూసింది. నేను అబద్ధం చెప్పలేదు. ఇంకో నొప్పి వచ్చింది, ఆమె వేళ్ళు నా ఎముక దాకా దిగాయి. బయట లారీ ఆగిన చప్పుడు వినబడింది, బూట్లు నేల మీదికి దూకాయి, ఆడవాళ్ళు ఒకరి చేయి ఒకరు పట్టుకున్నట్టు కోట్లు రాసుకున్న చప్పుడు. ఎవరో "జరగం" అన్నారు. పురేవ్ గొంతు అనుకుంటాను.

"గట్టిగా ముక్కమ్మా," అన్నాను దరీతో. "వాళ్ళు లోపలికి వచ్చేలోపు కనాలి."